విప్పని దస్తర్‌ఖాన్

ఆదివారం హాల్లో వలీమా పెళ్లివిందు అయినప్పటి నుంచి మరియం బీ నోరు విప్పలేదు.

బుధవారం పొద్దున కూడా అంతే. నౌషీన్ చాయ్ తెచ్చి ముందు పెట్టింది. అత్త కప్పు అందుకుంది, కిటికీ వైపు తిరిగి తాగింది, ఖాళీ కప్పు పక్కన పెట్టింది. బాగుందనీ లేదు, చక్కెర తక్కువైందనీ లేదు. చక్కెర మీద ఒక్క మాటైనా పడకుండా అత్త చాయ్ తాగడం పదేళ్ల కాపురంలో నౌషీన్ ఈ వారమే చూసింది.

"అమ్మీ, ఇంకో కప్పు తేవాల్నా?"

మరియం బీ కొంగును చెవుల మీదికి ఇంకాస్త లాక్కుని, కిటికీలోంచి కనబడే తన పేరు వైపే చూస్తూ కూర్చుంది. మరియం ఫంక్షన్ హాల్. భూపాలపల్లిలో బొగ్గుబాయి పనివాళ్ల క్వార్టర్ల పక్కన భర్త అమీర్ అలీ కట్టించిన హాలు. వెనక వంటశాల, దాని వెనక ఇల్లు.

"ఇంక అలకనేనా?" గుమ్మంలో నిలబడి అకీల్ అడిగాడు. తల్లిని కాదు, పెళ్లాన్ని.

"మెల్లగ. వింటరు."

"విననీ. చెత్త మిషన్ ఎంచింది నువ్వు. అమ్మకు నువ్వే చెప్పుకోవాలె."

"మీరు ఎంచమంటేనే గద ఎంచిన?"

"నేనేమన్న? జనగామల చూసిన మిషన్ చాలన్న. నువ్వే విన్లె."

నౌషీన్ ఖాళీ కప్పు తీసుకుని వంటింట్లోకి నడిచింది. అకీల్ వెనకే వచ్చాడు. అలిగిన మనిషి ఎదుట కాకుండా గోడ చాటుకు పోయి పోట్లాడుకోవడం ఆ ఇంటి మర్యాద.

"జనగామ గోదాముల చూసింది అట్టపెట్టెలు నొక్కే మిషన్," అంది నౌషీన్. "వాళ్లకు సరిపోతది. మన దగ్గర అట్టపెట్టెలు ఉన్నయా? బిర్యానీ, షోర్వా, సగం తాగి పారేసిన నీళ్ల సీసలు. దాంట్ల ఏస్తే నొక్కినప్పుడల్లా కిందికెళ్లి మురికినీళ్లు కారుతయి. అవి క్వార్టర్ల దిక్కు పోతే ఎవలు మాట పడాలె?"

"అందుకని ఇంత ఏనుగసొంటిది తెచ్చి పెట్టిస్తవా?"

"మానుకోట హోటలు ఎనక మీరూ చూసిన్రు. నొక్కేదీ, నిలవ ఉంచేదీ ఒక్కటే పెట్టె. చుక్క బయటికి రాదు. నిండితే లారీ వచ్చి కొక్కెం ఏసి పెట్టెకు పెట్టె ఎత్తుకపోతది. మనకు గదే కావాలె."

"మరి గదే కావాలంటే అమ్మ ఎందుకు మాట్లాడ్తలేదు?"

నౌషీన్ కప్పు తోమడం మొదలుపెట్టింది.

ఇంతలో అమీర్ అలీ కూరగాయల సంచితో లోపలికి వచ్చాడు. మనిషి నెమ్మది, గొంతు ఇంకా నెమ్మది. ఎవరు గెలుస్తున్నారో తేలేదాకా ఏ గొడవలోనూ వేలు పెట్టడు.

"మిషన్ కంపెనీ పిలగాడు ఫోన్ జేసిండు," అన్నాడు సంచి దింపుతూ. "లారీ బయలెల్లింది. ఇయ్యాల తేల్చి చెప్పాలె. ఉంచుకుంటమంటే పెట్టెను చెత్త యార్డుల ఖాళీ చేసి తెచ్చి మళ్ల ఇక్కడే దింపుతడు. ఒద్దంటే అటునుంచి అటే మానుకోటకు పోతదట. అక్కడ ఇంకెవరో అడుగుతున్నరట."

"అబ్బా, మీరే ఏదో ఒకటి చెప్పున్రి," అంది నౌషీన్.

"నేను చెప్పేదేముంది బేటీ? చదువుకున్నదానివి. నువ్వే ఆలోచించు."

ఏదైనా తెగ్గొట్టి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా అమీర్ అలీకి కోడలి డిగ్రీ గుర్తొస్తుంది. ఆ చెప్పింది ఫలిస్తే మాత్రం ఊళ్లో అది ఆయన ఆలోచనే.

"శుక్రవారం మున్సిపాలిటోళ్లు వస్తరు," అన్నాడాయన మళ్లీ. "ఎనక గుంతల ఒక్క ఇస్తారి కనబడ్డా హాలుకు తాళం ఏస్తమని నోటీసుల రాసిన్రు. గుంతలనేమో మటన్ బొక్కలు, బొక్కల కోసం కుక్కలు. క్వార్టర్లోళ్లు ముక్కు మూసుకుని తిరుగుతున్నరు. మిషన్ అయితే కావాల్నాయె. కాని మీ అత్త..."

"అమ్మీ కోపం మిషన్ మీదనా?"

అమీర్ అలీ వంకాయలు ఒక్కొక్కటే బయటికి తీసి పెట్టాడు. "మోతీ మీద మనసు," అన్నాడు చివరికి. "ఇన్నేండ్ల సంది వచ్చే మనిషి. మీ అత్త మాటిచ్చింది, నేనున్నన్ని రోజులు ఈ హాలు అన్నం నీ బర్లకేనని."

ముగ్గురూ వంకాయల వైపే చూశారు. ఎందుకో ముగ్గురికీ తెలుసు.

మోతీ ఊరవతల తండా మనిషి. పెళ్లి అయిన మర్నాడు పొద్దున్నే నీలం డ్రమ్ములతో వచ్చేది. పనివాళ్లు చుట్టిపడేసిన దస్తర్‌ఖాన్లు, అంటే బంతి కోసం నేల మీద పొడవుగా పరిచే ప్లాస్టిక్ గుడ్డలు, అన్నీ వెనక వాకిట్లో కుప్పగా ఉండేవి. తిన్నాక అంచులు పట్టి ఉన్నది ఉన్నట్టే చుట్టేయడం ఇక్కడి పనివాళ్ల అలవాటు. అన్నం, బొక్కలు, గ్లాసులు, చెంచాలు, అన్నీ ఆ చుట్టలోనే. మోతీ ఒక్కొక్కటీ విప్పేది. అన్నం డ్రమ్ముల్లోకి, సీసాలు సంచిలోకి, హాలు చెంచాలు వంటశాల మెట్ల మీదికి. ఒకసారి పసిపిల్ల పట్టగొలుసు దొరికితే కొంగున కట్టుకుని తెచ్చి మరియం బీ చేతిలో పెట్టింది. మిగిలిందంతా గుంతలోకి. ఆ గుంతే ఇప్పుడు కొంప ముంచింది.

మిషన్ వచ్చాక చుట్టలు విప్పే పని లేదు. ఉన్నదున్నట్టు దాని నోట్లో పడేసి మీట నొక్కితే చాలు. ఈ సంగతి మోతీకి చెప్పాల్సి వచ్చినప్పుడు అకీల్‌కు అర్జెంటుగా బజారు పని పడింది. అమీర్ అలీకి నమాజు వేళయింది. ఫోను నౌషీన్ చేతిలో మిగిలింది.

శనివారం చేసింది. "మిషన్ వచ్చింది మోతీ. ఇగ రేపటి సంది రావాల్సిన పని లేదు," అంది. "మంచిది కోడలమ్మా," అని మోతీ ఫోను పెట్టేసింది. ఆదివారం రాత్రి నుంచి అత్త మాట్లాడటం మానేసింది.

నౌషీన్ రెండింటినీ కలిపి లెక్క చూసుకుంది. తప్పు తనదేనని తేల్చుకుంది.

డోర్నకల్ రైల్వే క్వార్టర్లో తల్లి లేకుండా పెరిగిన పిల్ల ఆమె. ఈ ఇంటికి వచ్చిన కొత్తల్లో అత్త పొద్దస్తమానం గదమాయిస్తుంటే విసుగు పడింది. తర్వాత ఆ గదమాయింపు వినబడకపోతే తోచేది కాదు. ఇప్పుడు ఇల్లంతా మౌనంగా ఉంటే ఆమెకు నిజంగానే భయం వేస్తోంది. మిషన్ ఉంచితే అత్త జన్మలో మాట్లాడదేమో. వద్దంటే హాలుకు తాళం. లారీ వచ్చేలోపు ఏదో ఒకటి చెప్పాలి.

*

మరియం బీ వెనక వరండాలో మంచం మీద కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. వీపు గుమ్మం వైపు ఉంది.

నౌషీన్ బియ్యం పోసిన స్టీలు తాంబాళం ఒళ్లో పెట్టుకుని వెనకాల స్టూలు మీద కూర్చుంది. ముఖం చూస్తూ చెప్పలేని మాట వీపు చూస్తూ చెప్పడం సులువు.

"అమ్మీ, నాదే తప్పు. మోతీకి ఫోన్ల ఒద్దని చెప్పింది నేనే. మీకు ఒక్క మాట అడుగకుండ చెప్పిన. మనిషిని పిలిచి కూసోబెట్టి చెప్పాల్సింది. చెప్పలె."

తొడిమ ఒకటి తెగింది.

"ఒద్దంటే మిషన్ పంపిచ్చేస్త అమ్మీ. ఇంకో తొవ్వ చూద్దాం. మీరు తిట్టున్రి. కొట్టున్రి. ఇట్ల మాత్రం ఉండకున్రి, నాతోని అయితలేదు."

ఇంకో తొడిమ తెగింది. అత్త భుజం కూడా కదల్లేదు.

నౌషీన్‌కు ఏడుపు ముంచుకొచ్చింది. ఎంత రాయి గుండె! పైట చెంగుతో ముఖం తుడుచుకుంటూ దిగ్గున లేచింది. తాంబాళం ఒళ్లోంచి జారింది. గచ్చు మీద పడి, గిర్రున తిరిగి, గోడకు కొట్టుకుని, ఇల్లదిరేలా మోగి మోగి ఆగింది. గోడ మీది పిల్లి ఎగిరి దూకింది. "ఏమైందే?" అని ముందు గదిలోంచి అకీల్ అరిచాడు.

మరియం బీ ఇంకో మిరపకాయ అందుకుంది.

నౌషీన్ ఏడుపు అక్కడే ఆగిపోయింది. నిలబడి చూసింది. చెల్లాచెదరైన బియ్యం గింజలు మంచం కింద నుంచి అత్త పాదాల దాకా వచ్చాయి. మరియం బీ వంగి ఆ గింజల వైపు చూసింది. ఇవెక్కడివన్నట్టు చుట్టూ చూసి, వెనక్కి తిరిగి, కోడలిని చూసి ఉలిక్కిపడింది. చెయ్యి గబుక్కున కొంగు మీదికి పోయింది.

నౌషీన్ దగ్గరికి వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంది. కొంగు పక్కకు తీసింది.

చెవి ఖాళీగా ఉంది.

మరియం బీకి ఏడాది కింద వినికిడి పోయింది. కొడుకు హనుమకొండలో చూపించి, చెవిలో పెట్టుకునే చిన్న మిషన్ తెచ్చాడు. అది ఉంటే మాట వినబడుతుంది, లేకపోతే పిడుగు పడ్డా తెలియదు. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. పదిమందికి విందులు చేసే హాలు యజమానురాలికి చెవుడంటే నవ్వుతారని ఆమె భయం. అందుకే ఆ కొంగు ఎప్పుడూ చెవుల మీదే ఉండేది.

"ఏది?" నౌషీన్ తన చెవి చూపించి సైగ చేసింది. "ఎక్కడ పోయింది?"

మరియం బీ గుమ్మం వైపు ఒకసారి చూసింది. అప్పుడు మాట్లాడింది. గొంతు వరండా దాటి, గోడ దాటి, క్వార్టర్ల దాకా వినబడేంత పెద్దగా వచ్చింది.

"దస్తర్‌ఖాన్ల పోయింది బేటీ!"

"మెల్లగ అమ్మీ, మెల్లగ," అని నౌషీన్ చేత్తో చూపించింది. కొంచెం తగ్గింది. ఎక్కువేం తగ్గలేదు.

"డీజే మోతకు చెవుల కుయ్యిమని ఒర్రింది. ఓర్చుకోలేక తీసి రుమాల్ల చుట్టి నా ముంగట పెట్టుకున్న. పెండ్లి పిలగాని నాయినమ్మ వచ్చి కావలించుకుంటే లేచి నిలబడ్డ. తిరిగి చూస్తే దస్తర్‌ఖాన్ లేదు. చుట్టి తీస్కపోయిన్రు. ఎనుక ఉరికిన. అప్పటికే మిషన్ నోట్లె ఏసి నొక్కిన్రు."

నౌషీన్ అత్త మోకాళ్ల దగ్గర కూలబడింది. "మరి ఎందుకు చెప్పలె?"

"ఏందీ? నా మొఖం దిక్కు తిరిగి మెల్లగ అను. నీ పెదవులు చూస్తే తెలుస్తది. మీ ఆయనవి మీసాలల్ల తెల్వయి. మీ మామ అయితే నోరే తెరువడాయె."

"ఎందుకు... చెప్పలె?"

"చెప్తే ఏమైతది? నువ్వు ఎంచిన మిషన్ మా అమ్మ చెవిని మింగిందని అకీల్ నిన్ను పదిమందిల అంటడు. ఉంచాల్నా ఒద్దా అని నువ్వే పరేషాన్ల ఉన్నవు. లారీ పోయినంక చెప్దామనుకున్న. నోరు తెరిస్తే నా గొంతు ఎంత పెద్దగొస్తదో నాకే తెల్వదు. అందుకే మూసుకుని కూసున్న."

నౌషీన్ అత్త ఒళ్లో తల పెట్టింది. ఇన్నాళ్లూ కోపమనుకున్నది కోపం కాదు. కోడలి మీద మాట పడకూడదని పెద్దామె ఒక్కతే ఆ నిశ్శబ్దంలో కూర్చుంది. సంతోషమో దుఃఖమో నౌషీన్‌కు తెలియలేదు. వెక్కి వెక్కి ఏడ్చింది.

"మోతీ ఉంటే దొరికేది," అంది మరియం బీ కోడలి తల నిమురుతూ. "విప్పి చూసేది గద."

గుమ్మంలో అకీల్ నిలబడి ఉన్నాడు. తల్లి గొంతుకు చెవులు మూసుకున్నా అంతా వినబడేదే.

"నేను ముందుగాల్నే చెప్పలే?" అన్నాడు నౌషీన్ వైపు చూస్తూ. "చెప్పలేనా నీకు?"

సరిగ్గా మరియం బీ దేనికి భయపడిందో ఆ మాటే. కొడుకు మీసాల్లో ఏముందో ఆమెకు తెలియకపోయినా, ముఖంలో ఉన్నది తెలిసింది. లేచి కోడలికి అడ్డంగా నిలబడింది.

అప్పుడే వెనక గేటు దగ్గర లారీ హారన్ కొట్టింది.

*

మిషన్ వంటశాల వెనక గచ్చు మీద ఉంది. ఆకుపచ్చ రంగు ఇనుప పెట్టె, చిన్న గదంత. ముందువైపు రొమ్ము ఎత్తున నోరు. లారీ వెనక్కి వచ్చి కొక్కెం వేయడానికి సిద్ధంగా ఆగింది. కంపెనీ మనిషి విద్యాసాగర్ కిందికి దిగి చెమట తుడుచుకుంటున్నాడు. జనగామ పిలగాడు, మాట మంచిది, అబద్ధం చెప్పడం చేతకాదు. అందుకే ఇంకా చిన్న ఉద్యోగంలోనే ఉన్నాడని అమీర్ అలీ అంటుంటాడు.

"పెట్టె తెరువు," అన్నాడు అకీల్ వస్తూనే.

"ఇక్కడనా? ఇక్కడ తెరిస్తే లోపలి నీళ్లన్నీ మీ వాకిట్లనే పడతయన్నా. యార్డులనే తెరవాలె. ఏమైంది?"

చెప్పారు. విద్యాసాగర్ ముఖం చిన్నబోయింది.

"పల్లిగింజంత వస్తువన్నా అది. నొక్కుడు పడ్డంక దొరికినా పనికొస్తదని నేను చెప్పలేను."

"దొరుకుడు ముఖ్యం. మోతీని పిలిస్తే ఏరుతది. ఆమెకు అలవాటే."

నౌషీన్ భర్త ముఖంలోకి చూసింది. శనివారం అక్కరలేకపోయిన చేతులు బుధవారానికి గుర్తొచ్చాయి. సిగ్గుతో ఆమెకు తల కొట్టేసినట్టయింది.

పిలవనక్కర లేకపోయింది. గేటు బయట ట్రాలీ ఆటో ఆగింది. మోతీ దిగింది. నీలం డ్రమ్ములు ఒకదాని వెంట ఒకటి దింపి, దొర్లించుకుంటూ లోపలికి తెచ్చి వంటశాల గోడకు వరసగా నిలబెట్టింది. తోమి తోమి కడిగినట్టున్నాయి. ఎండకు మెరుస్తున్నాయి.

"మోతీబాయి, మంచి టైముకు వచ్చినవు," అని అకీల్ ఎదురెళ్లాడు. సంగతంతా గబగబా చెప్పాడు. ఏమడిగితే అది ఇస్తానన్నాడు.

మోతీ అతని మాటలు సగమే విన్నట్టుంది. "బీబమ్మ చెవిదా?" అంది.

"అవును."

"మరి ఇయ్యాల్టిదాంక ఏం జేసిన్రు?" అని, ఇక ఎవరి మాటకూ ఆగకుండా కొంగు నడుముకు చుట్టి దోపింది. గాజులు మోచేతి దాకా ఎగదోసింది. విద్యాసాగర్ వైపు తిరిగి, "నడువు బిడ్డా. నీ యార్డుల కుప్ప పొయ్యి. నేను ఏర్త," అంది.

"వద్దూ!"

ఆ అరుపుకు లారీ డ్రైవర్ కూడా తల బయట పెట్టాడు. మరియం బీ మెట్లు దిగి వస్తోంది. కొంగు భుజం మీదికి జారిపోయింది. ఎగదోసిన గాజులు చూడగానే ఆమెకు అంతా అర్థమైనట్టుంది.

"వద్దు మోతీ! అందుల సోడ సీసలు పగిలి ఉన్నయి. చెయ్యి పెట్టకు, తెగుతది! పోయింది పోనీ. నాకు చెవులు వినబడకపోతే మాయె!"

క్వార్టర్ల మేడల మీద బట్టలు ఆరేస్తున్న ఆడవాళ్లు ఇటు తిరిగి చూశారు. ఏడాదిగా కొంగు కింద దాచుకున్నది ఒక్క అరుపుతో వాడకట్టంతా తెలిసిపోయింది. ఎంత గట్టిగా అరిచిందో ఆమెకు తెలియదు. మోతీ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, గాజులు మళ్లీ మణికట్టు దాకా కిందికి దించింది.

అమీర్ అలీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

విద్యాసాగర్ మెల్లగా నౌషీన్ దగ్గరికి వచ్చాడు. "అక్కా, డ్రైవర్ తొందర పడుతున్నడు. ఉంచాల్నా, తీస్కపోవాల్నా?"

అందరూ ఆమె వైపు చూశారు. నౌషీన్ మోతీ వైపు చూసింది. అత్త చేతుల్లో ఉన్న ఆ చేతుల్ని చూస్తే, ఇన్ని రోజులుగా తేలనిది ఒక్కసారిగా తేలింది.

"ఉంచున్రి," అంది. "ఈ పెట్టెనే."

"ఇంత అయినంక గూడనా?" అన్నాడు అకీల్.

"మిషన్ తప్పేముంది? ఇచ్చింది మింగింది. విప్పకుండ ఇచ్చింది మనం." ఆమె విద్యాసాగర్ వైపు తిరిగింది. "మిషన్ ముంగట పొడుగు బల్ల ఒకటి ఏపిస్త. చుట్టిన దస్తర్‌ఖాన్ ఒక్కటి గూడ ఉన్నదున్నట్టు లోపల పడొద్దు. బల్ల మీద విప్పాలె. అన్నం డ్రమ్ములకు, సీసలు సంచులకు. మిగిలిన బొక్కలు, ఇస్తార్లే మిషన్ల పోవాలె. గుంతలకు ఏదీ పోదు. నడుస్తదా?"

"బరాబర్ నడుస్తదక్కా. పెట్టె నిండుడు గూడ ఆలస్యమైతది. మీకే మంచిది."

అమీర్ అలీ తల పంకించాడు. సాయంత్రానికి ఇది ఆయన ఆలోచన అవుతుందని అందరికీ తెలిసిపోయింది. అకీల్ వెళ్లి గేటు బార్లా తీశాడు. లారీ కొక్కెం వేసింది. పెట్టె ఒక కొస పైకి లేచి, కిర్రుమంటూ లారీ మీదికి ఎక్కింది. గేటు దాటి పోయింది.

నౌషీన్‌కు గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. తను ఎంచిందే సరైనది, ఎవరి పొట్టా కొట్టలేదు, అత్త మాట కూడా పోలేదు. మోతీ దగ్గరికి వెళ్లింది. మరియం బీ అప్పటికే మోతీని వదిలి డ్రమ్ముల వైపు నడిచింది.

"మోతీ, శనివారం నేను ఫోన్ల అట్ల అనొద్దుండె. మనసుల పెట్టుకోకు. బల్ల కాడ పెద్దదిక్కు నువ్వే. పని మనోళ్లతోని చేపిద్దువు. అన్నం ఎప్పటిలెక్కనే నీ బర్లకే."

మోతీ కొంగు విప్పి సర్దుకుంది. "ఏ బర్లకు కోడలమ్మా?"

"నీ బర్లకే."

"బర్లేవీ?"

నౌషీన్‌కు అర్థం కాలేదు.

"ఒద్దన్నంక కుడితి ఏడికెళ్లి తేవాలె?" అంది మోతీ. గొంతులో కోపం లేదు. "ఎండలకు గడ్డి లేకపాయె. ఒక్కపూట ఆకలికి ఓర్చుకుంటయా అవి? నిన్న మా కొడుకు మంగ్యా అంగడికి తోలుకపోయి అమ్మిండు. రెండిటినీ. చూడిబర్రె పోతూ పోతూ ఒకటే ఒర్రుడు. నేను ఇంట్లనుంచి బయటికి రాలె."

నౌషీన్ డ్రమ్ముల వైపు చూసింది.

"డ్రమ్ములు మీయి. తోమి తెచ్చిన. ఇచ్చిపోదామని వచ్చిన. ఇగ నాకేం పని ఈడ?"

"మోతీ, మళ్ల కొందాం. నేను చెప్త, మామకు చెప్త..."

"ఇంట్ల పుట్టినయి కోడలమ్మా అవి. కొన్నయి కావు."

అటు డ్రమ్ముల దగ్గర మరియం బీ ఒక్కో మూత తీసి చూస్తోంది. చివరి దాంట్లోకి వంగి స్టీలు గిన్నె ఒకటి పైకి తీసింది. మీద కట్టిన తెల్లగుడ్డ విప్పింది. గిన్నె నిండా మీగడ కట్టిన గట్టి పెరుగు. ఎవరి పాత్ర అయినా సరే వట్టిగా తిరిగి ఇవ్వకూడదని మోతీ పట్టింపు. ఇన్నేళ్లలో డ్రమ్ము ఒక్కసారీ ఖాళీగా రాలేదు. కూరాకో, ఇన్ని పెసర్లో, ఎక్కువగా ఈ పెరుగో. ఇది నిన్న పొద్దున పిండిన పాలని, తోడేశాకే బర్రెలను తోలారని ఆమెకు తెలియదు. వీళ్ల మాటల్లో ఒక్కటీ ఆమె చెవిన పడలేదు.

మరియం బీ వేలితో మీగడ తీసి నోట్లో వేసుకుంది. ముఖం వెలిగిపోయింది.

"చూసినవా నౌషీన్!" అంది ఇంతెత్తున. "మోతీకి మన మీద కోపం లేదు. ఉంటే గిన్నె పంపుతదా?"

మేడల మీద ఆడవాళ్లు నవ్వుతున్నారు. మోతీ ముఖం పక్కకు తిప్పుకుంది.

"రేపు గూడ ఇంతే తే మోతీ! గిదే గిన్నెల తే. నా నోటికి ఏది సయిస్తలేదు, నీ పెరుగొక్కటే సయిస్తది."

మోతీ కొంగు మళ్లీ భుజం మీదికి లాక్కుంది. తర్వాత నౌషీన్‌కు మాత్రమే వినబడేలా అంది. అంత మెల్లగా అనాల్సిన పని లేదు, అయినా అలాగే అంది.

"నువ్వే చెప్పు కోడలమ్మా. నాకు చెప్పింది నువ్వే గద, బీబమ్మకు గూడ నువ్వే చెప్పు."

మరియం బీ గిన్నెను రెండు చేతులా పట్టుకుని దగ్గరికి వచ్చింది. ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. నవ్వు ఇంకా అలాగే ఉంది.

"ఏమంటుంది? రేపు తెస్త అన్నదా?"

నౌషీన్ పెదవులు విడివడ్డాయి. అత్త కళ్లు వాటి మీదే ఉన్నాయి.